తగరం గనిలో నీళ్లు తోడుతున్నారు

సోమవారం, రెడింగ్ నుంచి రెడ్రూత్

మా ఇంట్లో కొన్నాళ్లు ఉండడానికి వచ్చిన నాయన లండన్‌లో చూడాల్సినవన్నీ చూశాడు. దేని గురించీ పెద్దగా మాట్లాడలేదు. ఒక సాయంత్రం మాత్రం తనంతట తానే అడిగాడు: "మా గనికి కెప్టెన్లు యాడ నుంచి వచ్చినారో ఆ ఊరు ఈడికి దూరమా పాపా?"

ఆయన ఉద్యోగమంతా కోలారు బంగారు గనుల్లోనే, పంపుల విభాగంలో. మాది కుప్పం దగ్గర పల్లె. మా తాతల కాలంలో కేజీఎఫ్‌ను నడిపింది జాన్ టేలర్ అండ్ సన్స్ అనే లండన్ కంపెనీ. 1880ల నుంచి 1956లో గనుల్ని జాతీయం చేసేదాకా పెత్తనం వాళ్లదే. గని లోపలి పని తెలిసిన మేస్త్రీలనూ ఇంజనీర్లనూ వాళ్లు ఎక్కువగా ఇంగ్లండ్ నైరుతి కొసనున్న కార్న్‌వాల్ నుంచి తెచ్చుకున్నారు. గని పర్యవేక్షకుణ్ణి కెప్టెన్ అనడం కార్న్‌వాల్ అలవాటు. మైసూరు గనిలో తొలి గొప్ప బంగారు పొర దొరికించుకున్న ప్లమ్మర్ కూడా కెప్టెన్ ప్లమ్మరే. పటాలంలో పనిచేసినందుకు వచ్చిన బిరుదు కాదది.

రైలు ప్రయాణం పొడవైనదే కానీ విసుగు పుట్టదు. 1859లో ఇంజనీరు బ్రునెల్ కట్టిన ఇనుప వంతెన మీద టేమర్ నది దాటితే కార్న్‌వాల్ మొదలవుతుంది. ఇంకాస్త పడమరకు వెళ్లేసరికి పొలాల మధ్య రాతి కట్టడాలు కనిపించసాగాయి. మూడంతస్తుల గోడలు, పైకప్పు లేదు, పక్కనే ఒక పొడవాటి పొగగొట్టం. గనుల్లో నీళ్లు తోడిన ఆవిరి యంత్రాలుండిన ఇళ్లవి. నాయన కిటికీకి అతుక్కుపోయాడు. "ఇవన్నీ పంపు హౌసులే కదా" అన్నాడు.

అవును, చాలావరకు పంపు హౌసులే. 2006లో యునెస్కో ఈ ప్రాంతాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

సాయంత్రం కార్న్ బ్రే కొండెక్కాం. పైన 1836లో కట్టిన గ్రానైట్ స్తంభం ఉంది, గనుల భూస్వామి ఫ్రాన్సిస్ బాసెట్ జ్ఞాపకార్థం. అక్కడి నుంచి కిందకు చూస్తే రెడ్రూత్, పూల్, కాంబోర్న్ ఊళ్లు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. పూల్ దగ్గర ఇళ్ల మధ్యలోంచి ఒక ఇనుప హెడ్‌గేర్, అంటే గని బావి మీద మనుషుల్నీ రాయినీ పైకి లాగే గోపురం, పైకి లేచి కనిపించింది. అదే సౌత్ క్రాఫ్టీ. 1998లో మూతపడి, ఇప్పుడు మళ్లీ తెరవడానికి సిద్ధమవుతున్న తగరం గని. మేం వచ్చింది దాని కోసమే.

మంగళవారం, కాంబోర్న్, పూల్

కాంబోర్న్ గ్రంథాలయం ముందు రిచర్డ్ ట్రెవిథిక్ విగ్రహం ఉంది, చేతిలో చిన్న ఆవిరి బండి బొమ్మతో. 1771లో ఈ కార్న్ బ్రే పాదం దగ్గరే పుట్టాడు. తండ్రి డోల్కోత్ గనిలో కెప్టెన్. 1801 క్రిస్మస్ ముందురోజు ఈ ఊరి గుట్ట మీదికి మనుషుల్ని ఎక్కించుకుని ఆవిరి బండి నడిపాడు. రైలుకు మూలపురుషుడు ఎవరని అడిగితే మనకు నేర్పిన పేరు జార్జ్ స్టీఫెన్సన్, ఇక్కడ ఆ పేరు ఎత్తితే కొంచెం ముఖం ముడుస్తారు. ట్రెవిథిక్ అధిక పీడన ఆవిరి యంత్రం వెనకున్న అవసరం కూడా గనిలోని నీళ్లే. గని లోతుకు పోయేకొద్దీ నీళ్లు ఊరతాయి. తోడితే గని ఉంటుంది, లేకపోతే లేదు. అంత తెలివిగల మనిషి పెరూ వెండి గనుల దాకా వెళ్లి, చేతిలో చిల్లిగవ్వ లేకుండా తిరిగొచ్చి, 1833లో డార్ట్‌ఫర్డ్‌లో పోయాడు. సమాధి మీద పేరు కూడా లేదట.

అక్కడి నుంచి పూల్ దగ్గరే. సౌత్ క్రాఫ్టీని ఒక్క గని అనుకోకూడదు. ఈ ప్రాంతంలో పదహారో శతాబ్ది చివరి నుంచీ తవ్వకాలున్నాయి. మొదట దొరికింది రాగి. రాగి కింద, ఇంకా లోతున తగరం. 1860లలో రాగి ధర కూలిపోయినప్పుడు కొన్ని గనులు తగరం కోసం లోతుకు దిగి బతికాయి, చాలావి చచ్చిపోయాయి. ఆ శతాబ్దంలో కార్న్‌వాల్ వదిలి ఆస్ట్రేలియా, అమెరికా, మెక్సికో, దక్షిణాఫ్రికా, మన కోలారు దారి పట్టినవాళ్లు రెండు లక్షలకు పైమాటే. మిగిలిన గనుల్ని ఒక్కొక్కటే కలుపుకుంటూ సౌత్ క్రాఫ్టీ పెరిగింది. అప్పట్లో అన్నింటికంటే లోతైన డోల్కోత్ 1921లో మూతపడితే 1936లో దాన్నీ కలుపుకుంది.

ఈస్ట్ పూల్ గని దగ్గరున్న యంత్రాన్ని చూడకుండా ఎవరూ వెళ్లకూడదు. దాని సిలిండరు అడ్డకొలత 90 అంగుళాలు, పైన ఊగే దూలం బరువు 50 టన్నులకు పైనే. 1892లో హేల్ ఊరి హార్వీ కంపెనీ చేసింది. ఇంతలేసి యంత్రం సుమారు 500 మీటర్ల లోతు నుంచి నిమిషానికి 450 గ్యాలన్ల నీళ్లు తోడేది. నాయన మెట్లెక్కి దూలం దాకా పోయి, దాన్ని తట్టి చూసి, "గ్యాలన్లంటే వీళ్ల గ్యాలన్లా, అమెరికా గ్యాలన్లా?" అని అడిగాడు. వీళ్లవే. అంటే నిమిషానికి రెండు వేల లీటర్లు.

ఆయనకు బాగా నచ్చిన సంగతి ఇంకోటి. ఈస్ట్ పూల్ గని 1945లో మూతపడింది, యంత్రం మాత్రం 1954 దాకా ఆగలేదు. ఎందుకంటే అది ఆగితే ఆ నీళ్లన్నీ భూమి లోపల పక్కనున్న సౌత్ క్రాఫ్టీలోకి పోతాయి. చచ్చిన గనిలో నీళ్లు తోడుతుంటే బతికున్న గని బతికింది. "నీళ్లకు సెలవుల్లేవు పాపా. ఆదివారం లేదు, దీపావళి లేదు. పంపు నిలబెట్టినావంటే మనకంటే ముందు అవే షిఫ్టుకొస్తాయి" అన్నాడు నాయన. పక్కనున్న స్వచ్ఛంద గైడుకు నేను ఇంగ్లీషులో చెప్తే ఆయన గట్టిగా నవ్వి, ఇంకో గంటసేపు మమ్మల్ని వదల్లేదు.

సౌత్ క్రాఫ్టీకి సొంత ఆవిరి పంపు కూడా ఉండేది, రాబిన్సన్స్ షాఫ్ట్ అనే నిలువు గని బావి దగ్గర. 1854లో చేసిన యంత్రం అది, 1955 మే 1న ఆగింది. కార్న్‌వాల్ గనుల్లో పనిచేసిన చివరి దూలం యంత్రం అదే. ఆ స్థలంలో 2012లో హార్ట్‌లాండ్స్ అనే పార్కు కట్టారు. పిల్లలు ఆడుకుంటున్నారు, కాఫీ బాగుంది. ఎక్కువసేపు ఉండలేదు.

బుధవారం, ట్రూన్, గ్వెనప్

కింగ్ ఎడ్వర్డ్ మైన్ అనేది విద్యార్థులు పని నేర్చుకోవడానికి పెట్టిన గని. 1888లో మొదలైన కాంబోర్న్ స్కూల్ ఆఫ్ మైన్స్ పిల్లలు ఇక్కడే తవ్వేవారు, ఇక్కడే రాయి దంచేవారు. ఇప్పుడు మ్యూజియం.

తగరం ఖనిజం పేరు కాసిటరైట్. బరువైన నల్లని రాయి. మామూలు రాయికంటే రెండున్నర రెట్లు బరువు. తీసే విద్య అంతా ఆ బరువు మీదే ఆధారపడింది. రాయిని ఇనుప రోకళ్లతో మెత్తగా దంచి, ఏటవాలు బల్ల మీద నీళ్లతో పారించి, బల్లను అదేపనిగా కుదుపుతారు. తేలికైన గ్రానైట్ పొడి నీళ్లతో కొట్టుకుపోతుంది, నల్లటి తగరం గీతలా బల్ల మీద నిలిచిపోతుంది. ఓ పెద్దాయన ఒక వెడల్పాటి పారలో గుప్పెడు పొడి, కాసిన్ని నీళ్లు పోసి, మణికట్టు ఒక్క విదుపు విదిపితే నల్లని నెలవంక ఒకటి పార అంచున తేలింది. ఆ నెలవంక వెడల్పు చూసి రాయిలో తగరం శాతం చెప్పేవారట. నాయన పార అడిగి తీసుకున్నాడు. కేజీఎఫ్‌లో బంగారానికి ఇలాగే చేసేవాళ్లను చూశానన్నాడు. నెలవంక రాలేదు గానీ నీళ్లన్నీ బూట్ల మీద పోసుకున్నాడు.

ఈ రాళ్లు దంచే పని యంత్రాలకు ముందు ఆడవాళ్లది. బాల్ మెయిడెన్స్ అనేవారు. తెల్లటి టోపీ, చేతికి గుడ్డ చుట్టుకుని సుత్తితో రాయి పగలగొట్టేవారు. గని లోపలికి మాత్రం ఆడవాళ్లు దిగేవారు కాదు.

మగవాళ్ల కూలి లెక్క ఇంకా విచిత్రం. గనిలో ఫలానా మూలను ఇంత వాటాకు తవ్విపెడతామని జట్లు వేలం పాట పాడేవి. మన పాటలో ధర పైకి పోతుంది, ఇక్కడ కిందికి. ఎవరు తక్కువ వాటాకు ఒప్పుకుంటే ఆ మూల వాళ్లది. రాయిలో సరుకుంటే పండగ, లేకపోతే రెండు నెలలు ఉత్త చెమట. నష్టభయమంతా కూలివాడి నెత్తిన పెట్టి, దానికి స్వేచ్ఛ అని పేరు పెట్టడంలో ఆ కాలపు యజమానులు మన కాలపు యాప్ కంపెనీలకు తాతలు.

మధ్యాహ్నం గ్వెనప్ వెళ్లాం. లోపలి తవ్వకాలకు నేల కుంగిపోయి ఏర్పడిన పల్లంలో, చుట్టూ గుండ్రంగా పచ్చిక మెట్లు. పద్దెనిమిదో శతాబ్దంలో మెథడిస్టు మత గురువు జాన్ వెస్లీ ఇక్కడ గని కార్మికులకు 18 సార్లు ప్రబోధం చేశాడు. గని మనుషుల్లో ఆ మతం అలా పాతుకుపోయింది. మా కేజీఎఫ్‌లో మెథడిస్టు చర్చి ఎలా వచ్చిందో ఇక్కడ నిలబడితే తెలుస్తుంది. జాన్ టేలర్ 1819లో పెద్ద ఎత్తున మొదలుపెట్టిన కన్సాలిడేటెడ్ గనులు కూడా ఈ గ్వెనప్‌లోవే. అవి రాగి గనులు. ఆయన వారసులే తర్వాత కోలారుకు వచ్చారు. నాయన పచ్చిక మెట్టు మీద కూర్చుని చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఆకలేస్తా ఉండాది" అన్నాడు.

పేస్టీ తిన్నాం. గొడ్డుమాంసం, బంగాళాదుంప, ఉల్లిపాయ, స్వీడ్ అనే ముల్లంగి జాతి దుంప, వీటిని పిండిలో పెట్టి అంచు మడిచి కాలుస్తారు. చూడ్డానికి మన కజ్జికాయే, అరచేయంత. మేం ఉల్లిపాయ, చీజ్ పెట్టింది తీసుకున్నాం. గని కార్మికుల చేతికి ఆర్సెనిక్ అంటుకుని ఉంటుంది కాబట్టి మందపాటి అంచు పట్టుకుని తిని దాన్ని పారేసేవారని ప్రతి దుకాణంలోనూ చెప్తారు. పాత ఫొటోల్లో వాళ్లు గుడ్డ సంచిలో పట్టుకుని తింటున్నారు. కూలివాడు రొట్టె పారేస్తాడంటే నేను నమ్మను.

గురువారం, పెండీన్ తీరం

ఈరోజు బస్సులో పడమటి కొసకు. సముద్రం, కొండ అంచు, ఆ అంచు మీదే గనులు. బొటాలక్ గనిలో రెండు ఇంజన్ ఇళ్లు అలల మీదికి వాలినట్టు ఉంటాయి. క్యాలెండర్లలో కనిపించే బొమ్మ అదే.

లెవంట్ గని సముద్రం కిందికి మైలు పైగా పోయింది. తుఫాను రోజుల్లో తలపైన సముద్రపు అడుగున బండలు దొర్లే చప్పుడు ఈ తీరపు గనుల్లో వినిపించేదట. అంత లోతుకు నిచ్చెనలెక్కి దిగడం కష్టమని షాఫ్టులో ఒక పొడవాటి కర్ర కడ్డీ వేలాడదీశారు. యంత్రం దాన్ని పైకీ కిందికీ కదిలిస్తుంది. మనిషి కడ్డీ మీది చిన్న మెట్టు ఎక్కి, గోడ మీది మెట్టు మీదికి మారి, మళ్లీ కడ్డీ ఎక్కి, అలా అడుగు అడుగుగా పైకి వచ్చేవాడు. 1919 అక్టోబరు 20న షిఫ్టు ముగించుకుని మనుషులు పైకి వస్తుండగా పైన కడ్డీని పట్టి ఉంచిన ఇనుప భాగం విరిగింది. 31 మంది పోయారు. వాళ్ల జ్ఞాపకార్థం పెట్టిన పలక ముందు నాయన చెప్పులు విప్పి నిలబడ్డాడు. కేజీఎఫ్‌లో రాయి పేలి మనుషులు పోయిన రోజుల్లో సైరన్ మోగితే కార్మికుల ఇళ్ల లైన్లలో ఆడవాళ్లు షాఫ్టు దగ్గరికి పరుగెత్తేవారు. నా చిన్నప్పుడు మా ఇంట్లో ఎవరూ ఆ సంగతి మాట్లాడేవారు కాదు. ఈరోజు కూడా మాట్లాడలేదు.

పక్కనే గీవర్. ఇది 1990 దాకా నడిచింది. మూతపడిన కారణం సముద్రమూ కాదు, ఖనిజం అయిపోవడమూ కాదు. తగరం ధర పడిపోకుండా కాపాడటానికి చాలా దేశాలు కలిసి అంతర్జాతీయ తగరం మండలి పెట్టుకున్నాయి. ధర తగ్గినప్పుడు కొనడం, పెరిగినప్పుడు అమ్మడం దాని పని. ఒకపక్క కొత్త దేశాల తగరం వచ్చి పడుతుంటే, ఇంకోపక్క డబ్బాలకు అల్యూమినియం వస్తుంటే, మండలి అప్పు చేసి కొంటూనే పోయింది. 1985 అక్టోబరులో చేతులెత్తేసింది. లండన్ లోహాల మార్కెట్లో తగరం వ్యాపారమే ఆగింది. తర్వాత ధర సగానికి పైగా పడింది. కార్న్‌వాల్ గనుల్లో తవ్వే ఖర్చుకు ఆ ధర సరిపోదు. గీవర్ పోయింది, వీల్ జేన్ పోయింది, సౌత్ క్రాఫ్టీ ప్రభుత్వ అప్పుతోనూ పంతంతోనూ 1998 మార్చి 6 దాకా లాగింది.

గీవర్‌లో కార్మికులు బట్టలు మార్చుకునే గదిని అలాగే ఉంచేశారు. బూట్లు, ఎర్రమట్టి మరకల పైదుస్తులు, లాకర్ల మీద అంటించిన బొమ్మలు. మిగతా మ్యూజియం అంతా ఒక ఎత్తు, ఈ గది ఒక ఎత్తు. తర్వాత హెల్మెట్లిచ్చి వీల్ మెక్సికో అనే పద్దెనిమిదో శతాబ్దపు సొరంగంలోకి తీసుకెళ్లారు. ఒంగి ఒంగి నడవాలి. ఆ కాలంలో మైనపు వత్తి వెలుగులో, చేతి సుత్తులతో తవ్విన దారి. మా గైడు గీవర్‌లోనే పనిచేసిన మనిషి. నాయన కూడా గని మనిషని తెలిశాక ఇద్దరూ నన్ను పక్కకు తోసేశారు. నాయన ఇంగ్లీషు అంతంతమాత్రం, ఆయన కార్న్‌వాల్ యాస నాకే అర్థం కాదు. అయినా స్టోప్, క్రాస్‌కట్, వింజ్, కేజ్, స్కిప్ అనుకుంటూ చేతులతో గాల్లో గని గీసుకున్నారు. ఇలాంటి మాటలు కోలారుకు తెచ్చింది వీళ్ల తాతలే కదా.

శుక్రవారం, మళ్లీ పూల్

సౌత్ క్రాఫ్టీ లోపలికి మమ్మల్ని రానివ్వరు. పని జరుగుతున్న చోటు. కంచె బయట నుంచే చూశాం. ఆ హెడ్‌గేర్ కింద ఉన్నది న్యూ కుక్స్ కిచెన్ షాఫ్ట్. గని మొత్తం లోతు సుమారు 900 మీటర్లు. 1998లో పంపులు ఆపాక నీళ్లు మెల్లగా పైకొచ్చి, 2000 నాటికి పాత నీటి సొరంగం మట్టానికి చేరి, అక్కడి నుంచి బయటి వాగులోకి పారాయి.

తెరుస్తామన్న మాట ఆనాటి నుంచే ఉంది. 2001లో ఒకరు కొన్నారు. 2007లో చేతులు మారింది. 2013లో నడిపే సంస్థ దివాలా అంచుకు వెళ్లింది. 2016లో స్ట్రాంగ్‌బో అనే కెనడా కంపెనీ తీసుకుంది, 2020లో పేరు కార్నిష్ మెటల్స్ అని మార్చుకుంది. ఇన్నేళ్లలో ఊళ్లోవాళ్లు ఎన్ని శంకుస్థాపనలు విన్నారో పాపం. తేడా ఎక్కడొచ్చిందంటే 2017లో. రోజుకు 25,000 ఘనపు మీటర్ల దాకా నీళ్లు తోడి, శుద్ధి చేసి వదలడానికి అనుమతి వచ్చింది. అంటే రోజుకు రెండున్నర కోట్ల లీటర్లు. 2022లో 4 కోట్ల పౌండ్లకు పైగా పెట్టుబడి వచ్చింది. 2023 అక్టోబరులో నీటి శుద్ధి కేంద్రం తెరిచారు. షాఫ్టులోకి మునిగే విద్యుత్ పంపులు దించి తోడటం మొదలుపెట్టారు. 2025లో బ్రిటిష్ ప్రభుత్వ నేషనల్ వెల్త్ ఫండ్ 2.86 కోట్ల పౌండ్లు పెట్టింది.

తవ్వకం అనుమతి 2071 దాకా ఉంది. ఖనిజం ఉందని 1998లోనే తెలుసు. అయినా గని అంటే ముందు నీళ్లు. ఈ గని నీళ్లే కాదు, డోల్కోత్, ఈస్ట్ పూల్, లోపల్లోపల కలిసిపోయిన పాత గనులన్నింటి నీళ్లూ ఒకేసారి తోడాలి. వాన ఎక్కువ పడితే ఊట ఎక్కువ. తోడుతూ, నీటిమట్టం దిగినకొద్దీ షాఫ్టు గోడల్లో పాడైన ఇనుమూ కర్రా మారుస్తూ, గజం గజం దిగాలి. నాయన ఒకే ప్రశ్న అడుగుతూ పోయాడు. "స్టాండ్‌బై పంపు ఉండాదా?" కంచె అవతల ఉన్న కుర్రాడికి నేను వినిపించాను. ఉందన్నాడు. ఆయన మనసు అప్పుడు కుదుటపడింది.

తర్వాత వాగు దగ్గరికి నడిచాం. పేరు రెడ్ రివర్, గాడ్రేవీ దగ్గర సముద్రంలో కలుస్తుంది. గనుల ఇనుపమట్టితో ఒకప్పుడు సముద్రపు అంచు దాకా ఎర్రగా ఉండేదట. మూసేశాక కూడా పాత సొరంగం నుంచి ఇనుమూ ఆర్సెనిక్కూ ఉన్న నీళ్లు శుద్ధి లేకుండానే ఇందులోకి వచ్చేవి. అంటే గని తెరవడం వల్ల వాగు బాగుపడుతోంది. ఈ మాట కంపెనీ పదే పదే చెప్తుంది, చెప్పడం వాళ్లకు లాభం కూడా, అయినా నిజమే. వీల్ జేన్ సంగతి ఇక్కడ ఎవరూ మర్చిపోలేదు. అక్కడ 1991లో పంపులు ఆపారు, 1992 జనవరిలో నాలుగున్నర కోట్ల లీటర్లకు పైగా విషపు నీళ్లు ఒక్కసారిగా బయటపడి కార్నన్ నదినీ దాని కింది సముద్రపు పాయనూ నారింజ రంగు చేశాయి.

ఇప్పుడు తగరానికి ఇంత విలువ ఎందుకు? నాకు తగరమంటే వీధిలో కొలిమి పెట్టుకుని ఇత్తడి గిన్నెలకు కళాయి పూసే మనిషే గుర్తు. నేడు ప్రపంచంలో వాడే తగరంలో దాదాపు సగం టంకానికి పోతోంది. మన ఫోన్లో, కారులో, సోలార్ పలకలో ప్రతి అతుకూ తగరమే. అది ఎక్కువగా వచ్చేది చైనా, ఇండోనేషియా, మయన్మార్, పెరూ, కాంగోల నుంచి. 2023లో మయన్మార్ వా ప్రాంతంలో తవ్వకం ఆపేస్తే ధరలు కదిలాయి. మన దేశంలో తగరం ఖనిజం తవ్వి తీసేది ఛత్తీస్‌గఢ్‌లోని దంతెవాడ, సుక్మా వైపే, భద్రాచలం దాటి పైకి వెళ్తే. మనకూ దిగుమతే దిక్కు. సౌత్ క్రాఫ్టీ దిగువ భాగంలో టన్ను రాయికి 15 కిలోల తగరం ఉందని కంపెనీ లెక్క. 2028 నడుమ నుంచి తగరం తీస్తామని, 300 మందికి పైగా నేరుగా ఉద్యోగాలని అంటున్నారు.

1980లలో వందల మంది చేసిన పనిని ఇప్పుడు యంత్రాలు చేస్తాయి. తిరిగొచ్చేది పాత బతుకు కాదు. కాంబోర్న్ వీధిలో మూతపడ్డ దుకాణాలు చూస్తే ఆ 300 కూడా చిన్నవి కాదని తెలుస్తుంది. కేజీఎఫ్ 2001 ఫిబ్రవరి 28న మూతపడింది, ఈ గని తర్వాత మూడేళ్లకు. అక్కడ లోతు మూడు కిలోమీటర్ల పైన. సైనైడ్ దిబ్బల్లో మిగిలిన బంగారం తీసే మాట అప్పుడప్పుడూ లేస్తుంది. లోపల నీళ్లు తోడే మాట మాత్రం ఎవరూ ఎత్తరు. "ఇంత లోతయితే తోడొచ్చు. మాదాన్ని తోడాలంటే ఎన్ని పంపులు కావాలో తెలుసా?" అని నాయన వాగు గట్టు మీద కూర్చుని నా ఫోన్లో లెక్కలు మొదలుపెట్టాడు. హోటల్‌కు వచ్చాక కూడా ఆపలేదు.

శనివారం, తిరుగు రైల్లో

వెళ్లాలనుకునేవాళ్లకు నాలుగు మాటలు. రెడ్రూత్‌లో దిగితే అన్నీ బస్సు దూరమే. గీవర్ మామూలుగా శుక్ర, శనివారాల్లో తెరవరు, లెవంట్ గనిలో చూపించే ఆవిరి యంత్రం అన్ని రోజులూ నడవదు, వేళలు ముందే చూసుకోండి. వీల్ మెక్సికోలో పొడవైనవాళ్లు నడుము నొప్పికి సిద్ధపడాలి. సౌత్ క్రాఫ్టీకి టికెట్ లేదు. ఎక్కువగా వయసు మళ్లిన గని మనుషులే గైడ్లు కాబట్టి ప్రశ్నలు అడగండి, తొందరపడకండి. నాయన లెక్క ప్రకారం కేజీఎఫ్‌కు 25 వేల ఘనపు మీటర్ల పంపులు చాలవు.